శిలలలోని యెడము

అనంతపురము నుండి తాడిపత్రికి పోవు దారిలో ముచ్చుకోట కొండలు కలవు. అంతవఱకు బాటకు రెండు ప్రక్కల మనకుఁ గనఁబడునవి వేరుసెనగ చేలు, ఎఱ్ఱనేల, ఆ నేలలో నుండి తలలెత్తిన గుండ్రని బండలు. ఆ కొండలతో నేల స్వరూపము మాఱిపోవును. గుండ్లు పోయి పొరలు వచ్చును. పుస్తకములు పేర్చినట్లు ఒకదానిపై నొకటిగాఁ బడియున్న యిసుకరాతి పొరలు, వానిపై సున్నపురాతి పొరలు తూర్పునకు మెల్లఁగా వాలి, కడప సీమలోనికి దిగిపోవును. మన యిండ్లలోఁ బఱచుకొను నల్లబండలు ఈ తూర్పువైపు నుండి వచ్చునవే.

కొన్ని యేండ్ల క్రిందట మా తరగతి పిల్లలను వెంటఁబెట్టుకొని ఆ కొండపాదమునకుఁ బోయితిమి. క్రింద గ్రానైటు, పైన ఇసుకరాయి, రెంటికి నడుమ గులకరాళ్లు పొదిగిన పొర యొకటి. ఒక పిల్లవాఁడు క్రిందిరాతిపై నొక పాదము, పైరాతిపై నొక పాదము మోపి నిలిచి, "ఈ రెండిటి నడుమ ఏమి జరిగింది సార్?" అని యడిగెను. మేము తడుముకొనక, "ఏమీ జరగలేదురా, అది అయిన తరువాత ఇది పడింది" అంటిమి. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేసిన కొలఁది ఆ జవాబు ఎంత తప్పో తెలిసి సిగ్గుపడితిమి. ఆ పిల్లవాని రెండు పాదముల నడుమ పదుల కోట్ల సంవత్సరములు గడచిపోయినవి. నాఁడు వాని కీయవలసిన జవాబును ఇప్పుడు వ్రాయుచున్నాము.

శిలలలో ఎడము కలదని తెలియుట యొకటి, ఆ యెడము ఎంత యని కొలుచుట వేఱొకటి. కొలుచుటకు ప్రపంచమున మిక్కిలి మంచి సాధనములలో నొకటి గ్రాప్టొలైటు. గ్రీకుభాషలో ఈ మాటకు 'వ్రాఁత గల రాయి' యని యర్థము. 18వ శతాబ్దమున స్వీడను దేశపు లిన్నేయసు పండితుఁడు ఈ పేరు పెట్టెను. ఆయన వీనిని నిజమైన శిలాజములుగా నెన్నక, శిలాజములవలెఁ గనఁబడు గీఁతలనియే తలఁచెను. నల్లని పలకరాతిని చీల్చినప్పుడు దానిపై సీసపుఁగడ్డితో గీచినట్లు సన్నని గీఁతలు కనఁబడును. దగ్గఱగాఁ జూచినచో గీఁతకు ఒక ప్రక్కనో రెండు ప్రక్కలనో రంపపు పండ్లుండును. ఒక్కొక్క పన్ను ఒక్కొక్క చిన్నజీవి కాపురమున్న గిన్నె. అట్టి జీవులు గుంపుగా ఒక్క కొమ్మను కట్టుకొని సముద్రపు పైనీటిలోఁ దేలుచు బ్రతికెడివి, చచ్చి అడుగున గాలి సోఁకని నల్లబురదలోఁ బడెడివి. ఆ బురదయే నేఁటి నల్లపలక. ఇట్లు తేలియాడిన జాతులు సుమారు 48 కోట్ల సంవత్సరముల క్రిందటఁ దలయెత్తి, 41 కోట్ల సంవత్సరముల ప్రాంతమున నశించినవి. వీని దాయాదులు కొన్ని నేఁటికిని సముద్రపు టడుగున నున్నవి.

నీటిపైఁ దేలునవి కాఁబట్టి ఒకే జాతి అల్పకాలములో దేశదేశముల సముద్రములకు వ్యాపించెను. వానిరూపము కూడ త్వరత్వరగా మాఱెను. కొమ్మలు నాలుగుగా నున్నవి రెండయ్యెను, రెండు వెన్నులు కలిసి యొకటయ్యెను, పిమ్మట ఒక్క వరుస పండ్లు మాత్రమే మిగిలెను. ఇట్టిపని శాసనములు చదువువారికి క్రొత్త కాదు. గుత్తికి చేరువ నున్న ఎఱ్ఱగుడి అశోకశాసనములోని బ్రాహ్మీ లిపికిని, కలమళ్లలో రేనాటి చోళుఁడు ధనంజయుఁడు వేయించిన తెలుఁగు శాసనపు లిపికిని సుమారు ఎనిమిదివందల యేండ్ల దూరము. నడుమ తేదీ లేని శాసనము దొరకినను, అక్షరముల వంపులను జూచి 'ఇది ఫలానా శతాబ్దపుది' యని చెప్పుదురు. లిపి ఊరూరికిఁ బ్రాఁకును, తరతరమునకు మాఱును. అందుచేతనే అది కాలమును జెప్పఁగలదు. గ్రాప్టొలైటు సముద్రపు లిపి. ఒక పొరలో మొదటి వంపు, దానిపై పొరలోనే మూఁడవ వంపు కనఁబడినచో, రెండవ వంపు వాడుకలో నుండిన కాలమంతయు అచ్చట పొర పడలేదనియో, పడి కొట్టుకొనిపోయిన దనియో తెలియును. ఒక్కొక్క వంపు వాడుకలో నుండిన కాలము పది లక్షల యేండ్లకు అటునిటుగా నుండుటయుఁ గలదు. కోట్ల లెక్కలో అంత సన్నని కొలబద్ద మఱియొకటి దొరకుట కష్టము.

ఈ లిపిని మొదట చక్కఁగాఁ జదివినవాఁడు బడిపంతులని చెప్పుట మాకు సంతోషము. చార్లెస్ లాప్‌వర్తు 1842లో ఇంగ్లండున జన్మించి, 1864లో స్కాట్లండు సరిహద్దున నున్న గాలషీల్సు అను నేఁతపని యూరికి ఉపాధ్యాయుఁడుగాఁ బోయెను. పదునొకండేండ్లు అచ్చట పిల్లలకుఁ బాఠములు చెప్పుచు, సెలవుదినములలో మొఫాటు కొండలలోని డాబ్స్ లిన్ అను లోయలో పలకరాళ్లు చీల్చుచుండెను. భూవిజ్ఞానమున అతనికి గురువు లేఁడు. అప్పటికి సర్కారు సర్వేవారు ఆ కొండల పొరలు వేలకొలఁది యడుగుల మందము గలవనియు, వానియందలి గ్రాప్టొలైట్లకు వరుసయు వావియు లేవనియు తీర్మానించి యుండిరి. లాప్‌వర్తు ఒక్కొక్క అంగుళము కొలిచి, ఏ పొరలో ఏ జాతి కలదో వ్రాసికొనెను. చూడఁగా నల్లపలక కొన్ని వందల యడుగులకు మించలేదు. ఆ కొలఁది పొరలే మడఁతలు పడి, విఱిగి, మరల మరల పైకి వచ్చుటచేత అంత మందముగాఁ దోఁచినవి. కొన్నిచోట్ల పొరలు తలక్రిందై యుండెను, గ్రాప్టొలైట్ల వరుసయు తలక్రిందై యుండెను. ఎఱ్ఱగుడి చిన్న శాసనములో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు చెక్కియున్నవి. అక్షరము తెలిసినవానికే పంక్తి యెటు నడచుచున్నదో తెలియును. లాప్‌వర్తు చేసినది ఇట్టిదే. 1878లో ఆ వ్యాసము వెలువడెను. మఱుసటి యేఁట, కేంబ్రియను సిలూరియను కాలముల హద్దునుగూర్చి పెద్దలు ముప్పది యేండ్లకుఁ బైగాఁ బోరాడుచున్న తగవునకు మధ్యస్థముగా, ఆర్డొవీషియను అను నడిమి కాలమును ఆయనయే ప్రతిపాదించెను. అంతర్జాతీయ సభ దానిని ఒప్పుకొనుటకు 1960 దాఁక పట్టెను. ఆ కాలమునకును సిలూరియను కాలమునకును హద్దుగా, 1985 నుండి ప్రపంచమంతటికిని ప్రమాణమైనచోటు ఆ పంతులు సెలవులలో కూర్చుండిన డాబ్స్ లిన్ లోయయే.

ఆయన 1875లో మాఱిన బడిపేరు 'మద్రాస్ కాలేజి' యని చదివి మేము ఆశ్చర్యపడితిమి. చెన్నపట్టణపు ఎగ్మూరులో అనాథబాలుర బడిని నడపిన ఆండ్రూ బెల్లు, మన వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, పెద్దపిల్లలచేతఁ జిన్నపిల్లలకుఁ జెప్పించు పద్ధతిని సీమకుఁ గొనిపోయెను. ఆ పద్ధతిపేరనే స్కాట్లండున ఆ బడి వెలసినది. ఇది ప్రస్తుతమునకు అవసరము లేదు గాని, విడుచుటకు మనసొప్పలేదు. గెర్‌ట్రూడ్ ఎల్లెసు, ఎథెల్ వుడ్డు అను నిరువురు స్త్రీలు లాప్‌వర్తు పర్యవేక్షణమున 1901 మొదలు 1918 వఱకు బ్రిటిషు గ్రాప్టొలైట్ల నన్నిటిని వర్ణించి ప్రకటించిన గ్రంథమును మాత్రము ప్రస్తుతముగానే పేర్కొనవలెను. స్త్రీలకు పట్టములిచ్చుటకే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఒప్పుకొనని కాలమున ఆ పని జరిగినది.

ఇఁక మన కొండకు వత్తము. 1872లో భారత భూవిజ్ఞాన సర్వేవారి గ్రంథమాల ఎనిమిదవ సంపుటమున విలియం కింగు కడప, కర్నూలు శిలలనుగూర్చి వ్రాసెను. లాప్‌వర్తు మొఫాటు పొరలకు అచ్చటి చోట్ల పేర్లే పెట్టినట్లు, ఇచ్చటి పొరలకు మన యేళ్ల పేర్లును కొండల పేర్లును ఊళ్ల పేర్లును వచ్చినవి: పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, వేంపల్లె సున్నపురాయి, పులివెందుల క్వార్ట్‌జైటు, తాడిపత్రి పలకరాయి. ఇంగ్లీషు పుస్తకములలో 'గుల్చెరు' అని కనఁబడు అడుగుపొర మన గువ్వలచెరువే; పాలకోవాకు పేరుపడ్డ ఆ యూరు, ప్రపంచపు భూవిజ్ఞానులకు ఇసుకరాతిచేతఁ దెలియును.

అడుగుపొరలోని గులకరాళ్లు క్రిందిరాళ్ల ముక్కలు. కాఁబట్టి ఆ పొర పడునప్పటికే క్రిందిరాయి గట్టిపడి, పైకి లేచి, వానకు ఎండకు అరిగి, మైదానమై యుండవలెను. గ్రానైటు పుట్టునది భూమిలోపల మైళ్ల లోఁతున. అది ఎండ చూడవలెనన్న దానిపైనున్న మైళ్ల రాయి యంతయు కొట్టుకొనిపోవలెను. మా పిల్లవాని పాదముల నడుమ జరిగినది అది. ఏమియు జరుగలేదని మేము చెప్పిన కాలములోనే అన్నిటికంటె పెద్దపని జరిగినది.

అయితే ఎంతకాలము? ఇచ్చట గ్రాప్టొలైటు మనకు సాయపడదు. కడప పొరలను ఎంత వెదకినను గవ్వ లేదు, ఎముక లేదు, ఆ రంపపు గీఁతయు లేదు. అది దొరకకపోవుట వెదకినవారి లోపము కాదు. ఈ పొరలు పడునాఁటికి అట్టి ప్రాణులింకను పుట్టలేదు. ఉన్న వ్రాఁత యొక్కటే: వేంపల్లె సున్నపురాతిలో అడ్డముగాఁ గోసిన ఎఱ్ఱగడ్డవలె పొరపొరగాఁ గనఁబడు స్ట్రొమటొలైట్లు. లోఁతు తక్కువ నీటిలో కంటికిఁ గానరాని సూక్ష్మజీవులు జిగురుచాపలుగాఁ బెరిగి, పైఁబడిన మట్టిని పట్టుకొని, మరల దానిపైఁ బెరిగి కట్టిన కట్టడములవి. ఆస్ట్రేలియా పడమటి తీరమున షార్క్ బే యందు ఇట్టివి నేఁటికిని పెరుగుచున్నవి. వీని ఆకారములతోఁ గాలము చెప్పవచ్చునని 20వ శతాబ్దమున రష్యనులు మిక్కిలి శ్రమపడిరి, మనవారును ప్రయత్నించిరి. కాని ఆకారము జాతినిబట్టియే కాక నీటిలోఁతును బట్టి, అలల పోటును బట్టి మాఱుచుండును. నూఱుకోట్ల యేండ్ల తరువాత అదే నీరు దొరకినచో అదే ఆకారము మరల వచ్చును. వ్రాయసగాని మార్చని లిపి శాసనపు కాలమును జెప్పలేదు.

అక్షరము దొరకనిచోట గడియారము కావలసివచ్చినది. యురేనియము తనంతట తాను సీసముగా మాఱును, ఆ మాఱుట ఎండకును వానకును వేగిరపడదు. దానిలో ప్రధానమైన రకము సగము తఱుగుటకు సుమారు 447 కోట్ల యేండ్లు పట్టును. స్ఫటికములోని యురేనియమును సీసమును తూఁచినచో ఆ స్ఫటికము పుట్టిన కాలము తెలియును. ఇసుకరాతిలో ఈ లెక్క తిన్నఁగా నడువదు, అందలి రేణువులు ఏ పాతకొండ నుండియో వచ్చినవి. కరఁగి గడ్డకట్టిన రాతి కది నడచును. పెనుకొండ, చెన్నేకొత్తపల్లి సీమలలో గ్రానైటును చీల్చుకొని పైకి వచ్చిన నల్లరాతి గోడలు మైళ్ల పొడవున కనఁబడును. వీనిని డైకులందురు. 2010లో ప్రకటింపఁబడిన లెక్క ప్రకారము వాని వయస్సు సుమారు 236 కోట్ల సంవత్సరములు. అవి చీల్చిన గ్రానైటు అంతకంటెఁ బాతది; 250 కోట్లకు తక్కువ లేదు. పులివెందుల దగ్గఱ మఱియొక నల్లరాయి కడప పొరల సందులలో దూఱి, పఱుపువలెఁ బఱచుకొన్నది. 2008లో దాని వయస్సు 188 కోట్ల 50 లక్షల యేండ్లని తేలినది. సున్నపురాతిని అది కాల్చిన అంచులందే రాతినార పుట్టినది, బ్రాహ్మణపల్లె గనులలో దానినే త్రవ్విరి. దూఱిన రాయికంటె దానికి చోటిచ్చిన పొరలు పాతవి కావలెను. కాఁబట్టి మన యెడము గ్రానైటునాఁడు మొదలై, పులివెందుల నల్లరాయి రాకముందే ముగిసినది. రెండు మేకులు దొరకినవి, వాని నడుమ త్రాడు ఎచ్చట తెగినదో ఇంకను వాదమే.

తిరుమల కొండ యెక్కు యాత్రికులు ఘాటురోడ్డులో ఇట్టి యెడమునే చూచుచుఁ బోవుదురు. నిలువుగోడవంటి ఇసుకరాయి గ్రానైటుపైఁ గూర్చున్న ఆ చోటిని భూవిజ్ఞాన సర్వేవారు జాతీయ స్మారకముగాఁ బ్రకటించిరి. అచ్చటి యెడము 80 కోట్ల యేండ్లని చెప్పుట వాడుక. పైరాతి వయస్సు దిద్దఁబడినకొలఁది ఆ సంఖ్యయు దిద్దఁబడవలసినదే. డాబ్స్ లిన్‌లో వలె వేలు పెట్టి చూపఁగల కొలత మనకు దొరకలేదని యొప్పుకొనుటలో చిన్నతనము లేదు.

ఈ మాట యెందుకు నొక్కి చెప్పుచున్నామనఁగా, మాతోపాటు సంస్కృతము చదివిన మిత్రులు కొందఱు ఈ విషయము వచ్చినప్పుడెల్ల, "ఇది మనవారు ఎన్నఁడో చెప్పిరి, కల్పమునకు 432 కోట్ల యేండ్లు, భూమి వయస్సు 454 కోట్లని మీ సైన్సు నేఁడు చెప్పుచున్నది" అందురు. ఆ సామ్యము వినుటకు ఇంపుగా నున్నది. సంకల్పము చెప్పుకొనునప్పుడు మేమును ఆ కల్పము పేరు ఉచ్చరించువారమే. కాని ఆ సంఖ్య ఎట్లు వచ్చినది? కలియుగము 4,32,000, దానికి పదిరెట్లు మహాయుగము, దానికి వేయిరెట్లు కల్పము. అది గుణకారము. అంత దీర్ఘకాలమును ఊహింప వెఱవని బుద్ధి మనవారిదని గర్వింపవచ్చును. ఏ రాతిని జూచి ఆ సంఖ్య చెప్పిరని యడిగినచో జవాబు లేదు. ఐరోపాలో అషరు అను మతాధికారి క్రీ.పూ. 4004లో సృష్టి జరిగెనని లెక్కవేసెను. ఆయన సంఖ్య చిన్నది, మన సంఖ్య పెద్దది. రెంటికిని ఆధారము గ్రంథమే. కెల్విను ప్రభువు 1862లో భూమి చల్లారుటను లెక్కించి 2 కోట్లకు 40 కోట్లకు నడుమ ననెను. అదియుఁ దప్పయినది. అయినను ఆయన తన లెక్కను, దాని యాధారములను విప్పి చూపెను గనుక, ఏ యాధారము చెడినదో తరువాతివారు చూపఁగలిగిరి. తప్పని చూపుటకు వీలులేని సంఖ్య ఎంత పెద్దదైనను దానిచేత మా పిల్లవాని ప్రశ్నకు జవాబు రాదు. కల్పపు లెక్కలో ఎడములు లేవు, అన్ని మన్వంతరములును నిండుగానే యుండును. రాయి మాత్రము ఇచ్చట నాకుఁ దెలియదని చెప్పుచున్నది.

ఈ తెలియమికి మా జిల్లాలో వెలయుఁ గలదు. ముచ్చుకోటకు పడమట, అనంతపురము, ధర్మవరము, కల్యాణదుర్గము సీమలలో గ్రానైటుపై ఇసుకరాయి లేదు, సున్నపురాయి లేదు, గ్రాప్టొలైట్ల కాలపు పలకయు లేదు. 250 కోట్ల యేండ్ల రాతిపైఁ దిన్నఁగా నేఁటి ఎఱ్ఱమన్ను. మా రైతు నాగలికొన దిగునది ఆ యెడములోనికే. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ నీరు దాఁగుటకు ఇసుకపొరలు లేవు. పైనున్న పుచ్చిన రాతిలోను, క్రింది పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నడచువాఁడు 'ఇచ్చట గంగ కలదు' అనఁగా నమ్మి, అప్పుచేసి, ఆఱువందల యడుగులు, ఎనిమిదివందల యడుగులు బోరు వేయించి, తెల్లని రాతిపిండి తప్ప చూడని కుటుంబములు మా బడిపిల్లల యిండ్లలోనే యున్నవి. రాతిలోఁ బగులు లేనిచోట లోఁతు పెంచినకొలఁది అప్పు పెరుగునే గాని నీరు పెరుగదు. క్రింద నున్నది ఏ రాయి, పైన లేనిది ఏ రాయి అనునది నాలుగవ తరగతి పిల్లవానికిఁ జెప్పఁదగిన పాఠమని మా యభిప్రాయము. మేము ఉన్న బడిలో ఏండ్ల తరబడి అది చెప్పలేదు, చెప్పనివారిలో మేమును ఒకరము.

పడమటి గ్రానైటుపై పొరలు ఎన్నఁడును పడనే లేదా, పడి పోయినవా? ఈ ప్రశ్నకు మేము చదివినవానిలో అన్నిటికంటె వింతయైన సాక్ష్యము ఉత్తరముగా గద్వాల, రాయచూరు ప్రాంతమున దొరకినది. వజ్రకరూరులో వజ్రములు తెచ్చిన కింబర్లైటు గొట్టములు మనకుఁ దెలియును. సుమారు 110 కోట్ల యేండ్ల క్రిందట భూగర్భము నుండి చిమ్ముకొని వచ్చిన రాయి యది. బనగానిపల్లె గులకరాతి వజ్రములు ఈ గొట్టములవే యైనచో ఆ పొర అంతకంటెఁ గ్రొత్తది కావలెను. కాని నల్లమలలో చెలిమ దగ్గఱ ఇంకను పాత గొట్టపురాళ్లు కలవు గనుక ఆ వాదమును ఇక్కడ విడిచెదము. సిద్దంపల్లె యొద్ద ఇట్టి గొట్టములలో నొకదానిలో సున్నపురాతి ముక్కలు చిక్కియున్నవని 2008లో మన పరిశోధకులు ప్రకటించిరి. చుట్టును గ్రానైటే. ఆ ప్రక్కన సున్నపురాతి పొర నేఁడు లేదు. గొట్టము పేలినప్పుడు పైనుండిన సున్నపురాయి విఱిగి లోపలికిఁ బడియుండవలెను. అనఁగా ఆ నాఁడు ఆ గ్రానైటుపై సముద్రపు టడుగు పఱచుకొని యుండెను. తరువాత వానలు పైపొరనంతయుఁ గడిగివేసినను, గొట్టములోఁ బడిన ముక్కలను ముట్టలేకపోయినవి.

మా జిల్లా గొట్టములలో అట్టి ముక్కలు కలవేమో వెదకవలసి యున్నది. ఆ పిల్లవాఁడు ఇప్పుడు పెద్దవాఁడై బోరుబండి నడపుచున్నాఁడు. పోయిన వేసవిలో కనఁబడినప్పుడు, గ్రానైటుచోట తెల్లనిది కాక వేఱురంగు పిండి యెచ్చటనైన వచ్చినచో ఒక పిడికెడు సంచిలోఁ గట్టి, ఊరిపేరును లోఁతును వ్రాసి ఉంచుమని చెప్పితిమి. ఇంతవఱకు మూఁడు సంచులు వచ్చినవి. రెండు డైకురాతివి. మూఁడవది మాకుఁ దెలియలేదు.